మేనేజరుగారి మెట్లు

2006లో ఒక ఉదయం. గల్ఫ్‌లోని మనామా బజారులో కూల్చబోతున్న పాత ఆఫీసు భవనం ముందు కారు ఆపి, డ్రైవరు దిగి ఫోర్‌మన్ దగ్గరికి వచ్చాడు. ఇద్దరిదీ తెలంగాణే.

"అన్నా, మా సారు కార్ల కూసున్నడు. ఎనుకట గీ బిల్డింగుల మేనేజరు. కూలగొట్టకముందు ఎనిమిదో అంతస్తుల తన రూము ఒక్కసారి చూస్తడట."

"చూడమను తమ్మీ. ఎవరొద్దన్నరు?"

"లిఫ్టు నడుస్తుందా?"

"పొద్దుగాలనే పీకిచ్చిన."

"సామాన్ దించెతందుకు ఆఖరు దాకా ఉంచుతరు గదా?"

"ఉంచుతరు. సారు ఇయ్యాల వస్తడని మా ఇంజనీరు నిన్ననే చెప్పిండు. అందుకే పీకిచ్చిన."

"గదేందన్నా? ముసలాయనకు మోకాళ్లు పనిచేస్తలేవు."

"ఇది కట్టిన కొత్తల గీ బజార్ల గింత ఎత్తుది ఇంకోటి లేకుండెనట. లిఫ్టుల నిలువుటద్దం, కార్పెటు. మా నాయిన గిక్కడ ఆఫీసులకు నీళ్లడబ్బాలు మోసేటోడు. కూలోళ్లు ఎక్కితే లిఫ్టు వాసనొస్తదని మెట్ల మీదికెళ్లి పంపిండు మీ సారు."

"పాత ముచ్చట గదన్నా. ఇప్పుడు మంచోడే. నన్ను కొడుకు లెక్క చూస్తడు."

"అయితే ఎత్తుకొని తీస్కపో."

"నావల్ల యాడైతది? నడిపిస్త. నడుమల అలిసిపోతే?"

"ఆరో అంతస్తు మలుపు కాడ కూసోమను. మా నాయిన గూడ డబ్బా దించి ఆడనే కూసున్నడు. మళ్ల లేవలే."

డ్రైవరు కారు వైపు చూశాడు. వెనక సీటులోని ముసలాయన అప్పటికే తలుపు తెరుస్తున్నాడు.

"ఏమని చెప్పాలన్నా?"

"ఆయన కోసం మెట్లు చీపురుతోని ఊడ్పిచ్చి పెట్టిన్నని చెప్పు."