లిగోర్ మోకాలు

*అల్బేనియాలోని కొర్చ పట్టణం. పార్టీ ఒప్పుకోనిదే ఎవరూ సరిహద్దు దాటలేని రోజులు. సెప్టెంబరు మధ్యాహ్నం, పొలిక్సెనీ ఇంటి వంటగదిలో ఆమె, ఆమె కొడుకు లిగోర్, ఊరి ఫుట్‌బాల్ జట్టు మొరావాకి కోచ్ సోటిర్.*

"అది కాదురా, ముందు నన్ను కాఫీ తాగనీ."

"తాగండి బాబాయ్, ఎవరొద్దన్నారు? తాగుతూనే చెప్పండి. ఆటకి ఆస్ట్రియాలో గ్రాజ్ వెళ్లేవాళ్ల పేర్లు వచ్చాయా, లేదా?"

"వచ్చాయి."

"మరి?"

"వదినా, కాఫీ బ్రహ్మాండంగా ఉంది. ఇంత చక్కెర ఎక్కడ దొరికింది నీకు?"

"దొరికిందిలే సోటిర్. వాడడిగిందానికి చెప్పు."

"నా పేరుందా బాబాయ్?"

"నీ మోకాలెలా ఉంది?"

"నా మోకాలా? నా మోకాలికేమైంది? మొన్న ఆస్ట్రియావాళ్ల మీద గోలు కొట్టింది ఈ కాలే కదా! ఊరంతా చూసింది."

"చూసింది. ఆ గోలు కొట్టేటప్పుడే బెణికింది."

"ఎవరికి?"

"నీకు."

"నాకు బెణికితే నాకు తెలీదా?"

"నిన్నటిదాకా నాకూ తెలీదు. రేపు పేపర్లో వస్తుంది. అందరికీ తెలుస్తుంది."

"బాబాయ్... ఎగతాళి చేస్తున్నారా?"

"నా మొహం చూడు. ఎగతాళి చేసే మొహంలా ఉందా?"

"ఎవరు చెప్పారు మీకు?"

"పైనుంచి."

"పైనుంచంటే?"

"పైనుంచంటే పైనుంచేరా. ఇంకా పైకి వెళ్లి అడిగే నిచ్చెన నా దగ్గర లేదు."

"యూరప్ కప్పు బాబాయ్! మన ఊరికి మొదటిసారి వచ్చింది. ఇక్కడ ఒక గోలుతో గెలిచాం. అక్కడ ఓడకుండా ఉంటే చాలు, తర్వాతి రౌండుకి వెళ్తాం. నేను లేకుండా ముందు ఎవరిని ఆడిస్తారు?"

"గాకోని."

"గాకోనా! వాడి ఎడమకాలు బస్సెక్కడానికి తప్ప ఎందుకూ పనికిరాదు!"

"నాకు చెప్తున్నావా? వాడికి ఆట నేర్పింది నేను."

"నేను పారిపోతాననేగా? అదేగా వాళ్ల భయం?"

"నెమ్మదిగా! కిటికీ తీసుంది."

"అమ్మా, కిటికీ వెయ్యి."

"ఇప్పుడు వేస్తే ఏదో ఉందనుకుంటారు. తీసే ఉంచి నెమ్మదిగా మాట్లాడు."

"మామయ్య వల్లేనా? నేను పుట్టకముందు గ్రీసులోకి దాటిపోయినవాడు! ఆయన మొహం కూడా నాకు తెలీదు. అమ్మా, ఆయన పొడుగా, పొట్టా?"

"పొట్టి."

"చూశారా? అదీ ఇప్పుడే తెలిసింది. ఆయన కోసం నా కాళ్లు కట్టేస్తారా?"

"మామయ్య సంగతి వాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు. మొన్నటిదాకా దాన్నెవరూ ఎత్తలేదు. ఇప్పుడెందుకు ఎత్తారో నాకు తెలీదు. ఒట్టు. నీకు నేను పూచీ పడతానన్నానురా లిగోర్. నిలబడి చెప్పాను."

"ఏమన్నారు?"

"మరి నీకెవరు పూచీ పడతారు సోటిర్, అన్నారు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను? టోపీ పెట్టుకుని వచ్చేశాను. వదినా, నువ్వేమీ మాట్లాడవేంటి?"

"ఏం మాట్లాడను? కాఫీ చల్లారిపోతోంది, తాగు."

"ఇంకో మాటుందిరా. చెప్పడానికి సిగ్గుగా ఉంది. రేపట్నుంచి బజార్లో కొంచెం కుంటుతూ నడవాలి."

"ఏంటీ?"

"మోకాలు బెణికినవాడు కుంటాలిగా. ఎక్కువొద్దు. కొంచెం చాలు. కుడికాలు."

"గోలు కొట్టింది ఎడమకాలు బాబాయ్."

"అయితే ఎడమకాలే. అదే నయం."

"అమ్మా, విన్నావా?"

"విన్నాను. ఇలా కూర్చో, కట్టు కడతాను."

*వారం తర్వాత. ఊరి జనమంతా షికారు చేసే పెద్దవీధిలో, సాయంత్రం వేళ తల్లీకొడుకులు. పక్కింటి థిమాక్ ఎదురుపడ్డాడు.*

"ఏమయ్యా లిగోర్, మోకాలెలా ఉంది?"

"తగ్గుతోంది థిమాక్ అన్నా."

"తగ్గుతోందా, పాకుతోందా? నిన్న ఎడమకాలు కుంటింది. ఇవాళ కుడికాలు!"

"ఎడమకాలి బరువంతా కుడికాలి మీద పడి అదీ నొప్పెడుతోందయ్యా వాడికి. నీకెప్పుడూ కాళ్లు నొప్పెట్టలేదా?"

"నాకా? పొద్దస్తమానం నొప్పే పొలిక్సెనీ. కానీ నా కాళ్లు గ్రాజ్ వెళ్లాలని ఎవరూ అడగలేదుగా! సరే, సరే, జాగ్రత్తయ్యా. నీకు కావాలంటే మూడో కాలు కూడా ఉంది, మా తాత చేతికర్ర ఇస్తాను."

"వెళ్లిపోయాడు. తలెత్తు."

"అమ్మా, నేను ఏ కాలితో కుంటుతున్నాను?"

"కుడి."

"ఛ."

"నవ్వుతున్నావేంటి?"

"నువ్వు నవ్వుతున్నావని."

"నేను నవ్వట్లేదురా, చలికి వణుకుతున్నాను."

"ఈ వీధిలో నేను నడుస్తుంటే పిల్లలు నా నడక చూసి నడిచేవాళ్లమ్మా. ఇప్పుడు చూడు, ఆ మూలనున్నవాణ్ణి. కుంటుతూ నడిచి చూపిస్తున్నాడు."

"వాణ్ణి చూడకు. ముందుకు చూడు."

"నాకు అర్థం కానిది ఒక్కటేనమ్మా. నేనెక్కడికి పోతాను? నిన్ను వదిలి, అక్కని వదిలి, దాని పసిదాన్ని వదిలి? నేను అటు దాటితే ఇక్కడ దిమిత్రా అక్క ఉద్యోగం పోతుంది. మిమ్మల్నందర్నీ లారీ ఎక్కించి ఎక్కడో పడేస్తారు. నాకు తెలీదా? అంత బండరాయినా నేను?"

"కాదురా."

"ఆట ఆడేవాణ్ణి, మర్నాడు బస్సెక్కి వచ్చేవాణ్ణి. ఇంతే కదా! ఇది వాళ్లకెందుకు తెలీదు?"

"నెమ్మదిగా నడు."

"నీకు తెలుసు కదా?"

"నెమ్మదిగా నడవమన్నానా. కుంటేవాడివి అంత గబగబా నడవకూడదు."

*ఆట రోజు. తల్లీకొడుకులు వంటగదిలో రేడియో దగ్గర.*

"...మన కుర్రవాళ్లు ఉక్కు గుండెలతో పోరాడుతున్నారు శ్రోతలారా! ప్రస్తుతం గ్రాజ్ జట్టు రెండు, మొరావా సున్నా. కానీ ఒక్క గోలు కొడితే చాలు, పరాయి మైదానంలో కొట్టిన గోలు బలంతో మనమే పై రౌండుకు! ఇదిగో, బంతి గాకో దగ్గరికి..."

"ఎడమవైపు తియ్యి. తియ్యి రా, తియ్యి!"

"వాడికి వినపడదురా."

"...గాకో ఒక్కణ్ణి దాటాడు, ఇప్పుడు ముందున్నది గోల్‌కీపరు ఒక్కడే..."

"కింద నుంచి! కింద నుంచి కొట్టు!"

"...కొట్టాడు! పైకి... గోలు కర్ర మీంచి పైకి వెళ్లిపోయింది శ్రోతలారా. అయినా మన కుర్రవాడి ధైర్యం..."

"టేబుల్ తన్నకురా. గాజు పళ్లెం పగిలింది చూడు."

"నేను తన్నలేదు. కాలు దానంతటదే లేచింది."

"సరే. కదలకు, గాజుపెంకులున్నాయి. నేనేరతాను."

"నేనుంటే కొట్టేవాణ్ణమ్మా."

"తెలుసు."

"కళ్లు మూసుకుని కొట్టేవాణ్ణి."

"తెలుసురా. కాలు తియ్యి."

"రేడియో కట్టెయ్యి."

"ఇంకా అవలేదుగా."

"అయిపోయింది. కట్టెయ్యి."

*అక్టోబరు. గ్రాజ్ నుంచి తిరిగొచ్చిన సోటిర్ మళ్లీ అదే వంటగదిలో.*

"ఇదిగో వదినా, చాక్లెట్టు. అక్కడ హోటల్లో దిండు మీద పెట్టారు. తినబుద్ధి కాలేదు. దిమిత్రా పిల్లకివ్వు."

"కూర్చో సోటిర్. ఆకుకూర పెట్టి లక్రోర్ రొట్టె కాల్చాను, ఒక ముక్క తిను."

"ఆకలి లేదు."

"బాబాయ్, అయిందేదో అయింది. వచ్చే ఆదివారం లీగు ఆట ఉందిగా? రేపు ప్రాక్టీసుకి వస్తాను. మోకాలు తగ్గిపోయిందని చెప్పండి."

"తగ్గలేదు."

"తగ్గిందనుకోండి."

"తగ్గలేదటరా."

"లీగు బాబాయ్! ఊళ్లో ఆట! ఇక్కణ్ణుంచి ఎక్కడికి పారిపోతాను, కార్నర్ జెండా దాకానా?"

"నేనూ అదే అన్నాను. ఒకసారి అనుమానం రాశాక చెరపరట."

"ఎన్నాళ్లు?"

"ఈ సీజనంతా."

"తర్వాత?"

"తర్వాతది తర్వాత."

"అంటే?"

"అంటే నన్నడక్కురా! నన్నెందుకడుగుతావు? మీ నాన్న, నేను ఒకే జట్టులో ఆడాం. వాడి కొడుక్కి ఈ మాటలు చెప్పడానికేనా నేను బతికుంది? వాడి బదులు నేనే ముందు పోయుంటే సరిపోయేది."

"బాబాయ్, అలా అనకండి."

"పని మాత్రం ఇచ్చారు. స్టేడియంలో. గడ్డి కొయ్యాలి, సున్నంతో గీతలు గియ్యాలి. జీతం తక్కువేమీ కాదు."

"గీతలు..."

"వద్దంటే ఇటుకబట్టీకి పంపుతారట. నేనే బతిమాలి దీనికి ఒప్పించాను. నా చేతనైంది అంతే."

"ఎవరో నా మీద చెప్పారు బాబాయ్. ఊరికే రాదిది. ఎవరో వెళ్లి చెప్పారు. గాకోనా? థిమాక్?"

"తెలీదురా."

"తెలిస్తే వాణ్ణి..."

"తెలిస్తే ఏం చేస్తావు? ఇంకో ఏడాది కుంటుతావు. వదినా, నీ చెయ్యి! కత్తికి తెగింది చూడు!"

"ఏం లేదు. చూసుకోలేదు."

*మే నెల. యూరప్ కప్పు ఫైనల్ సాయంత్రం. లిగోర్ స్టేడియం నుంచి ఇంటికి వచ్చాడు.*

"చేతులు కడుక్కో. గోడలన్నీ సున్నం అంటిస్తావు."

"ఈ సున్నం పోదమ్మా. గోళ్లలోకి పోయింది."

"థిమాక్ టీవీ ఏరియలు గ్రీసు వైపు తిప్పాడు. ఫైనల్ బాగా కనపడుతోందట. నిన్ను రమ్మని గోడ మీద కొట్టాడు."

"వెళ్లను."

"వెళ్లరా. ఎన్నాళ్లిలా గోడ చూస్తూ కూర్చుంటావు?"

"మనల్ని కొట్టిన గ్రాజ్‌వాళ్లు ఆ తర్వాతి రౌండులోనే ఆరు గోల్సు తిన్నారు. తెలుసా? వాళ్లని కొట్టినవాళ్లు మార్చిలో ఓడి ఇంటికి పోయారు. ఇవాళ్టితో అందరికీ అయిపోతుంది. నాకే అవదు."

"అవుతుందిలే."

"ఎప్పుడు? నిన్న గీతలు గీస్తుంటే బంతి నా కాళ్ల దగ్గరికొచ్చింది. కుర్రాళ్లందరూ ఆగి చూస్తున్నారు, తంతానా లేదా అని. చేత్తో తీసి ఇచ్చాను."

"లిగోర్."

"ఊఁ."

"నేనొకటి చెప్పాలి. మధ్యలో అడ్డు రాకు. అడ్డొస్తే మళ్లీ చెప్పలేను."

"చెప్పు."

"థిమాక్ కాదు. గాకో కాదు. నేను."

"నువ్వేంటి?"

"వీధిలో పార్టీ కమిటీ నడిపే ఆఫ్తెరియా దగ్గరికి వెళ్లింది నేను. మావాడికి మోకాలు బాగాలేదు, గ్రాజ్ పంపొద్దు అన్నాను."

"అమ్మా..."

"అడ్డు రావద్దన్నానా! మోకాలని చెప్తే మోకాలితోనే పోతుందనుకున్నాను. ఆ ఒక్క ప్రయాణం ఆగితే చాలనుకున్నాను. మోకాలేనా పొలిక్సెనీ, ఇంకేమైనా ఉందా, అనడిగింది. లేదనాలి. నోరు రాలేదు. ఏడ్చాను. అంతేరా. ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఏడుపు చాలింది వాళ్లకి. మా అన్న దాటిపోయినప్పుడు నేనూ అదే అన్నాను, వాడు మమ్మల్నొదిలి ఎక్కడికి పోతాడని. మర్నాడు మమ్మల్ని మిజెకె బురదల్లో పడేశారు. కాలవలు తవ్వాం. మా చెల్లెలు అక్కడ జ్వరమొచ్చి పోయింది. మా అమ్మ దాని చెప్పులు పక్కలో పెట్టుకుని పడుకునేది. మీ నాన్న నన్ను చేసుకోకపోతే నేనూ అక్కడే పోయేదాన్ని. ఆఫ్తెరియా దగ్గరికి వెళ్లిన రోజు దిమిత్రా పిల్లని ఒళ్లో పెట్టుకున్నాను. దాని పాదాలు చూశాను. ఇక కూర్చోలేకపోయాను."

"ఇన్నాళ్లూ నా కాలికి కట్టు నువ్వే కట్టావు."

"నేనే కట్టాను."

"నాతో బజారుకొచ్చావు. నేను కుంటుతుంటే పక్కనే నడిచావు."

"నడిచాను. మళ్లీ వెళ్లానురా ఆఫ్తెరియా దగ్గరికి. కాళ్లు పట్టుకున్నాను. నాది పిచ్చి భయం, మావాడు తిరిగొచ్చేవాడే అన్నాను. మొదటిసారి చెప్పిందే నిజం పొలిక్సెనీ, రెండోసారి చెప్పేది ప్రేమ, అంది. తిట్టు. ఏదో ఒకటను."

"ఏమనను?"

"నువ్వు వచ్చేవాడివి. ఆ వీధిలో నువ్వన్నప్పుడే నాకు తెలిసింది. మమ్మల్నొదిలి పోయేవాడివి కాదు నువ్వు. మా అన్నని నీలో చూసుకుని, నా కడుపున పుట్టినవాడి కాళ్లు నా చేతులతోనే విరిచాను."

"అమ్మా, ఏడవకు."

"నా నోరు పడిపోయినా బాగుండేది ఆ రోజు."

"ఏడవకన్నానా. ఒకటి అడుగుతాను చెప్పు. నాన్న పెళ్లి చొక్కా ఎక్కడుంది?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పు."

"ఎక్కడుంటుంది? పెట్టె అడుగున."

"లేదు. సెప్టెంబరు నుంచి నా పరుపు కింద ఉంది."

"నీ పరుపు కిందా? ఎందుకు తీశావు?"

"గ్రాజ్ వెళ్లేటప్పుడు నాన్న గుర్తుగా నా చొక్కా లోపల వేసుకుందామని."

"ఎందుకురా?"

"రెండ్రోజుల్లో తిరిగొచ్చేవాడికి నాన్న చొక్కా ఎందుకమ్మా?"