కొంరవ్వ చిలుకపిల్లకు ఊదు పట్టిన కథ

కొంరవ్వ ఉన్నది గదా, అది మంత్రసాని. ఉత్త మంత్రసాని కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్ళల్ల ఎవలు పుట్టినా ముందుగాల దాని చేతులల్ల పడాలె, ఆ తర్వాతనే తల్లి మొఖం చూడాలె, అసొంటిది. నోరూ పెద్దదే, చెయ్యీ పెద్దదే. పుట్టిన పిల్ల ఏడ్వకుంటే మొఖం మీద సల్లనీళ్ళు సల్లి, అరికాలు గీకి, ఎట్లనో అట్ల ఏడ్పిచ్చేదాక ఇడిసేది కాదంట. ఇగ ఏమైందంటే, దాని బిడ్డ సారవ్వకు నెలలు నిండినయి. బిడ్డ కాన్పు నా చేతులతోనే చేస్తనని మూట కట్టుకొని అల్లుని ఇంటికొచ్చింది. అల్లుడు ఓదెలు, దొరసాని పిట్టలసాల కాసేటోడు. పిట్టలసాల అంటే ఏందో ఎరికేనా మీకు? చుట్టూ ఇనుపజాలీ కొట్టిన పెద్ద ఇల్లు, లోపల కొమ్మలు పాతి, గూళ్ళకని కుండలు కట్టి, నిండ చిలుకలు. మనిషికి ఇల్లు లేకున్నా పిట్టకు ఇల్లుండాలె, దొరల ముచ్చట గట్లనే ఉంటది, నవ్వకుర్రి. ఆ సాల పక్కన చిన్న పెంకుటిల్లు ఓదెలుకు ఇచ్చిన్రు. రోజూ పొద్దుగూకేటాల్లకు దొరసాని వచ్చి చిలుకలను లెక్కవెడుతది. కొమ్మ మీద కూసున్నదే లెక్క, గూట్ల ఉన్న పిల్లలు లెక్కల రావు. ఒక్కటి తక్కువున్నా ఓదెలు ఇల్లు ఖాళీ చెయ్యాలె. అదీ దొరసాని పెట్టిన మాట.

ఇగ ఒకనాడు గూటి కుండల నుంచి ఓ పిల్ల కింద పడ్డది. కడమ పిల్లలు బలిసినయి, దీన్ని మెసలనియ్యలే, నూకేసినయి. మెడ నిలువదు, ఈకలు సగం వచ్చినయి సగం రాలే. నోరు తెరుస్తది గని సప్పుడు రాదు. ఓదెలు చూసి, ఇది బతికేది కాదత్తా, ఇడిసిపెట్టు అన్నడంట. అంతే, కొంరవ్వకు అగ్గి పుట్టింది. "ఏంది? నా కండ్ల ముందల ఉన్న పిల్లను పారేస్తవా? ఇయ్యాల దీన్నంటవు, రేపు నా బిడ్డకు బక్కపిల్ల పుడితే దాన్నీ పారేయ్యమంటవా?" ఓదెలు జామకాయలు తెంపుకొస్తనని తోటకు పోయిండు. అత్త ముందల నిలవడాలంటే పెట్టి పుట్టాలె, మీకు ఎరికలేనిదా! కొంరవ్వ నానవెట్టిన పప్పు మెత్తగ నూరి, వేలి కొసకు పెట్టి తినిపిచ్చింది. ఓ ఇంత మింగింది. కొంరవ్వ సంబరం చూడాలె! ఆడిదాక మంచిగనే ఉన్నది. గని కడుపు నిండినంక మంత్రసాని చెయ్యి ఊకుంటదా? పిల్లకు తానం పొయ్యాలె గదా! ఇంట్లకెల్లి ఆముదం తెచ్చింది.

"అవ్వా, అది పిట్టనే, పిల్ల కాదే!" అని సారవ్వ మొత్తుకుంటనే ఉన్నది. "నువ్వు పుట్టిననాడు నీకన్న ఇదే నయముండె, నోరు మూస్కో" అన్నది కొంరవ్వ. అని, సాలల్నే పీటేసుకొని కూసున్నది, బయటికి తీస్కపోతే తల్లిచిలుక మొత్తుకుంటదని. ఆముదం తలకు పెట్టి, వీపుకు రాసి, ఒక్కొక్క రెక్క సాగదీసి, ముక్కు సక్కగ రావాలెనని ముక్కు గూడ ఒత్తిందంట! చిలుక ముక్కు ఎక్కడన్న సక్కగొస్తదా? ఏడినీళ్ళు పోసింది, పాతచీర పేలికల సుట్టింది. ఇగ తానమైనంక ఏం చెయ్యాలె? ఆఁ, అదే, ఊదు పట్టాలె, సాంబ్రాణి పొగ. కుంపట్ల నిప్పులేసుకొచ్చి పిడికెడు ఊదు పోసింది. పొగ సాలంత కమ్మింది. చిలుకలు ఒర్రుడు, కొట్టుకునుడు, జాలీకి గుద్దుకునుడు! అయ్యో, దమ్మాడుత లేదేమో, సస్తయేమోనని కొంరవ్వ ఉరికి తలుపు బార్లా తెరిచింది. పొగ బయటికి పోయింది. పొగతోని చిలుకలూ పోయినయి. కొమ్మల మీద ఒక్కటి గూడ లేదు. కొంరవ్వ, ఒడిల ఆముదం పిల్ల, అంతే.

గంప నిండ జామకాయలు ఏసుకొని ఓదెలు వచ్చిండు. సాల దిక్కు చూసిండు. గంప ఆడనే పడేసి నేల మీద కూలవడ్డడు. చిలుకలన్ని చింతచెట్టు చిటారున కూసున్నయి, సీటీ కొట్టినా రావు, కాయ చూపినా రావు. సారవ్వ కడుపు పట్టుకొని ఏడుస్తుంది. "ఇల్లు పాయె, నేను ఎవరి చూరు కింద కనాలె అవ్వా?" ఇగ కొంరవ్వ, ఎన్నడూ మాట పడనిది, నా చేతులు ఇరగ, నా బిడ్డ ఇల్లు నేనే కూలగొడితి అని నెత్తి కొట్టుకున్నది. పాపం అనిపిస్తుంది గదా? నాకూ అనిపిస్తది. అటు పొద్దు వాలుతుంది, అదిగో దొరసాని గడీల కెల్లి బయలెల్లింది. అప్పుడు కొంరవ్వ తల ఎత్తి చూస్తే, కడమయన్ని చెట్టు మీదనే ఉన్నయి గని ఒక్కటి మాత్రం సాల మీద సుట్టూ తిరుగుతనే ఉన్నది. అది తల్లి! తల్లిని పిలువాలంటే ఎవలు పిలువాలె? ఓదెలు పిల్లకు జామముక్క పెట్టవోయిండు. కొంరవ్వ చేతి మీద ఒక్కటేసింది. "పెట్టకు కొడుకా, దీన్ని ఏడ్వనియ్యి!" సల్లనీళ్ళు తీసి మొఖం మీద సల్లింది. సప్పుడు లేదు. కాలి కింద గోరుతోని గీకింది. లేదు. "ఏడువే నా తల్లీ, ఏడువే, నీ కాళ్ళు మొక్కుత" అని మల్లొక్కసారి నీళ్ళు కొట్టింది. కీఈఈ మని లేసింది సూడు గొంతు! అంత బక్కదానికి అంత గొంతు యాడిదో! తల్లి బాణమోలె దిగి తలుపుల కెల్లి లోపటికొచ్చింది. దాని ఎనుక తండ్రి. చిలుకల సంగతి మీకెరికే గదా, ఒక్కటి దిగితే పది దిగుతయి. ఓదెలు జామకాయలు పగలగొట్టి లోపల పోసిండు, కడమయి గూడ ఒక్కొక్కటే వచ్చినయి. తలుపేసి ఓదెలు దానికే ఆనుకొని నిలవడ్డడు.

అన్ని వచ్చినయా అంటే, రాలే. ఒక్కటి చెట్టు మీదనే ఉండిపోయింది. ఓదెలుకు కనవడుతనే ఉన్నది. దొరసాని వచ్చింది, వేలు పెట్టి లెక్కవెడుతుంది. సాల లోపటనే ఉన్న కొంరవ్వ ఏం చేసిందంటే, దొరసాని చూపు పై కొమ్మల మీద ఉండంగ, పేలిక ఇప్పి పిల్లను కింది కొమ్మ మీద కూసోవెట్టింది. ఊగింది, ఇటు ఒరిగింది, అటు ఒరిగింది, ఆఖరికి కాళ్ళతోని గట్టిగ పట్టుకున్నది. తల్లి వచ్చి పక్కన ఆనుకున్నది. దొరసాని వేలు కొమ్మ కొమ్మకు తిరిగి దాని మీదికొచ్చి ఆగింది. సరిపోయిందన్నది. ఓదెలుకు పోయిన పానం మల్లొచ్చింది. "అదేందే, ఆ పిల్ల గంత నిగనిగ మెరుస్తుంది?" అన్నది దొరసాని. "కొత్త ఈకలు దొరసానీ, గట్లనే మెరుస్తయి" అన్నది కొంరవ్వ, మొఖంల ఏమీ కనవడనియ్యకుంట. దొరసాని గడీకి పోయినంక అత్తా అల్లుడు ఒకలి మొఖం ఒకలు చూసుకొని నవ్వుడే నవ్వుడు, కండ్లల్ల నీళ్ళు కారంగ నవ్విన్రంట. తెల్లారి సెనగపిండితోని పిల్ల జిడ్డు కడిగి ఎండల ఆరవెట్టిన్రు. పిల్ల బతికింది, ఎగిరింది. సారవ్వ ఆ ఇంట్లనే కనింది, ఆడిపిల్ల.

మరి చెట్టు మీద ఉండిపోయిన చిలుక ఏమైంది అని అడుగుతరు మీరు, మీ మొఖాలు చూస్తే తెలుస్తలేదా. నాకేం ఎరిక బిడ్డా! మంత్రసాని ఉన్న ఇంటికి మళ్ళ రాలే, అంత మాత్రం చెప్పగలుగుత. దానికే అందరికన్న జెర తెలివి ఎక్కువుండె అనుకో.