దొర అడిగిన నాలుగో మాట

చిన్నమనూరు పక్క పల్లె. మధ్యాహ్నం. వీరమ్మాళ్ వాకిట్లో అనపకాయలు వలుస్తున్నది. మనవరాలు పాంచాలి రేపటి ప్రయాణానికి మూట కట్టుకుంటున్నది.

"ఆ మూట అట్లా పెట్టి దగ్గరికి జరుగు పాంచాలీ. ఇంకా దగ్గరికి. గట్టిగా చెప్పే సంగతి కాదు ఇది. లోపల మీ నాయన పండుకొని ఉన్నాడు."

"తెల్లవారితే ఎద్దుల వండి వస్తుంది అవ్వా. కోకలు మడవలేదు ఇంకా."

"రెండు కోకలకు ఎంతసేపు. చేతులు ఊరికే పెట్టుకోకుండా ఈ కాయలు వలువు. మదురై ఆసుపత్రిలో ఏ పని ఇచ్చినారో మళ్ళీ చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావు. బుద్ధి చెదిరిన ఆడవాళ్ళ గదిలో ఆయా పని. తినిపించాలి, నీళ్ళు పోయాలి. పొద్దున డ్రెస్సరు వస్తే ఎవరు ఎట్లా ఉన్నారో చెప్పాలి. ఆయన రాసుకుంటాడు."

"డ్రెస్సరు. దొర డాక్టరు కింద కట్లు కట్టేవాడు."

"నీకెట్లా తెలుసు?"

"ఆ పని నేను కూడా చేసినదాన్నే. కుంపిణీ కాలంలో. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. నవ్వకు."

"నవ్వలేదు. తాత ఎట్లా ఒప్పుకున్నాడా అని."

"అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. విను. పేచ్చియమ్మాళ్ అని ఒక ఆమె. మనవాళ్ళే, ఇంట్లో మన తెలుగు మాటే. మూడో కాన్పులో బిడ్డ పుట్టి ఏడోనాడు పోయింది. బిడ్డ పోయినా పాలు ఆగలేదు, రవిక తడిసిపోతూ ఉండేది. ఒకనాడు సన్నికల్లు పొత్రాన్ని గుడ్డలో చుట్టి, తొట్టిల్లో పండబెట్టి ఊపుతూ కూర్చుంది. అన్నానికి పిలిస్తే, సద్దు చేయొద్దు, పాప లేస్తుంది అంది."

"రాయినా?"

"రాయినే. ఒకసారి పొత్రం గుడ్డలో చుట్టి ఎత్తుకొని చూడు. ఏడునాళ్ళ బిడ్డ బరువే ఉంటుంది."

"దయ్యం వదిలించే కోడంగిని పిలిపించి ఉంటారు."

"పిలిపించకుండా ఉంటారా. ఉడుక్క వాయించి, ఏటి గట్టున తిరిగే ముని దయ్యం పట్టింది అన్నాడు. వేపకొమ్మతో కొట్టినాడు, కంట్లో నిమ్మకాయ పిండినాడు. ముని పోలేదు. ఉంటే గదా పోయేది. అప్పురం కొన్నాళ్ళకు ఎవరో మదురైలో దొర ఆసుపత్రి ఉంది అన్నారు, వండి కట్టినారు. ఆండిపట్టి కనుమ ఎక్కేటప్పుడు ఎడమెద్దు మూడుసార్లు పండుకుంది. తోక కొరికితే గాని లేవలేదు. దాన్ని మాత్రం ఎవరూ పిచ్చిది అనలేదు."

"ఎద్దును వదిలిపెట్టు అవ్వా."

"సరి, వదిలేస్తిని. ఆడరోగికి తోడు ఒక ఆడపిల్ల ఉండాలి, చూసింది చూసినట్లు చెప్పాలి అన్నాడు దొర. నన్ను ఉంచిపోయినారు."

"నిన్నే ఏమిటికి?"

"ఎవరో ఒకరు ఉండాలి గదా. చూడు, పుచ్చిన కాయ కలిపేస్తున్నావు. అవతల పారెయ్యి."

"పారేసినాను. చెప్పు."

"నాకు అక్షరం రాదు, కండ్లు ఉన్నాయి. మొదట పది దినాలు ఆమె ఒట్టి కొంగు పట్టుకొని ఊపేది. తర్వాత ఒకనాడు పాలు ఆగినాయి. ఆనాడు వెక్కివెక్కి ఏడ్చింది. నా పాప పోయింది అని మొట్టమొదటిసారి నోటితో అంది. నాకు ఎంత నిమ్మళమైందో. పొద్దున డ్రెస్సరుతో అంతా చెప్తిని, ఈ ఏడుపు మంచి ఏడుపు అంటిని. ఆయన ఒక్క మాట రాసుకున్నాడు."

"ఏమని?"

"ఏడుపు అని. మళ్ళీ ఒకనాడు తన జడ తనే వేసుకుంది, అది చెప్తిని. రాయలేదు. ఇంకొకనాడు నన్ను కూర్చోబెట్టి నా తలలో పేలు చూసింది. అది చెప్తే నవ్వినాడు. ఇంకొకరి తలలో పేలు చూసేంత ఓపిక వచ్చిన ఆడది ఇంటికి పోవచ్చు పాంచాలీ. రేపు నువ్వు చూడాల్సింది ఇది. అరిచిందా, చించిందా అని అందరూ చూస్తారు. జడ ఎవరు వేసినారో చూడు."

"ఆ డ్రెస్సరుకు ఇవేవీ తెలియవా?"

"పావం, దొరతో కప్పల్ ఎక్కి సముద్రం దాటి వచ్చినవాడు. అరవం ఏదో బజారులో నేర్చుకున్నాడు. చెడ్డవాడు కాడు. నలభయ్యో నాడు దొర స్వయంగా వచ్చి కూర్చున్నాడు. ఆయన అడిగింది డ్రెస్సరు అరవంలో చెప్పాలి. సరిగ్గా జవాబు వస్తే ఆమె ఇంటికి. రాకపోతే చెన్నపట్నం పిచ్చాసుపత్రికి. ఆనాడు ఆమె పొద్దున్నే లేచి మొహం కడుక్కుంది, బొట్టు పెట్టుకుంది. ఇంట్లో పెద్దబిడ్డకు రాగిసంకటి చల్లార్చి పెట్టకపోతే తినడు, వాళ్ళకు తెలుసో లేదో అంది."

"ఏమి అడిగినాడు దొర?"

"ఈరోజు ఏమి దినం అని మొదటిది. అమావాస్య పోయి మూడోనాడు అంది. సరే అన్నాడు. ఇది ఏ ఊరు అన్నాడు. మదురై, వైగ ఏటి గట్టు అంది. బిడ్డలు ఎంతమంది అన్నాడు. ఇద్దరు ఉన్నారు, ఒకరు పోయినారు అంది. గొంతు తడబడలేదు. దొర తల ఊపినాడు. నా గుండె మీద రాయి తీసినట్లు అయింది. నాలుగోది అడిగినాడు."

"ఏమి?"

"నీ మొగుడి పేరేమి అని."

"అయ్యో."

"నువ్వు అయ్యో అన్నావు. దొరకు ఎట్లా తెలుస్తుంది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది, సిగ్గుతో. మళ్ళీ అడిగినాడు. తాళి ఎత్తి చూపించింది. మూడోసారి అడిగినాడు. తల వంచుకుంది. డ్రెస్సరు రాస్తూనే ఉన్నాడు."

"మొగుడి పేరు ఎత్తితే ఆయన ఆయుస్సుకు చేటు అని మన ఆడవాళ్ళు చెప్పరు. నువ్వు ఆ మాట చెప్పొచ్చు గదా."

"చెప్తిని. డ్రెస్సరుతోనే చెప్తిని."

"అయినా వినలేదా?"

"విన్నాడు. అదే చెప్తున్నా. ఎవరైనా కొత్తవాళ్ళు అడిగితే మన ఆడది ఏమి చేస్తుంది? పక్కనున్నదాన్ని మోచేత్తో పొడుస్తుంది, అది పేరు అందిస్తుంది. ఆమె నన్ను పొడిచింది. 'చెప్పవే' అంది. డ్రెస్సరు కూడా నాతో అదే అన్నాడు: 'నీ మొగుడు కాదు గదా. నువ్వు చెప్పు. ఆమె అవునని తల ఊపితే చాలు.'"

"అంతే గదా. చెప్పినావు, ఇంటికి పంపినారు."

"ఆ కాయల బుట్ట ఇట్లా జరుపు."

"అవ్వా."

"చెప్పలేదు."

"ఏమిటికి? పేరు తెలియదా?"

"తెలుసు."

"దొరను చూసి భయమా?"

"భయమే. దొరను చూసి కాదు. ముందురోజు మా అమ్మ ఆసుపత్రి వాకిలి దాకా వచ్చి నన్ను బయటికి పిలిచింది. మా నాయన తాంబూలం మార్చుకున్నాడంట నాకు. ఆమె తిరిగి వచ్చినా రాకపోయినా ఇద్దరు బిడ్డలు ఉన్నారు, ఆ ఇంట్లో పొయ్యి వెలగాలి అంది. ఈ గడియ నుంచి ఆయన పేరు నీ నోట రాకూడదు అంది."

"ఎవరి పేరు?"

"నీ ఒడిలో పొట్టు నిండింది, దులుపుకో."

"అవ్వా, ఇట్లా చూడు. పేచ్చియమ్మాళ్ నీకు వరసకు ఏమి కావాలి?"

"మా అక్క."

"తాత మొదటి ఆమె వాంతిభేదితో పోయింది అన్నారే అందరూ."

"అట్లా చెప్పుకుంటే ఊరికి సుఖం. నేను తల వంచుకుంటిని పాంచాలీ. ఇద్దరు ఆడవాళ్ళం పక్కపక్కన తలలు వంచుకొని నిలబడితిమి. అక్క నన్ను చూసింది. ఆడది ఎవరి పేరు చెప్పదో ఆడదానికి తెలియదా. మోచెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంది. అప్పుడు చించుకుంది కోక. నలభై దినాల్లో అదే మొదలు. డ్రెస్సరు కండ్లారా చూసి రాసుకున్నాడు. ఆయన అబద్ధం ఒక్కటి కూడా రాయలేదు."

"తర్వాత నువ్వు ఎవరితోనైనా..."

"మా నాయన కాళ్ళు పట్టుకుంటిని. ఇచ్చిన మాట ఎట్లా తిప్పేది అన్నాడు. చెన్నపట్నానికి వండి దారి, పద్దెనిమిది దినాలు. పోయేటప్పుడు అక్క ఏడవలేదు, అరవలేదు. ఒట్టి కొంగు ఊపుకుంటూ పోయింది. మళ్ళీ రాలేదు."

"అవ్వా, ఏడవకు."

"ఏడవలేదు. అనపకాయ జిగురు కంట్లో పడింది. తాత పోయి ఆరేండ్లు అయింది. ఇంక ఏ ఆయుస్సుకు చేటు? అయినా నా నోరు తిరగదు. నువ్వు చెప్పు. మనవరాలికి అడ్డు లేదు."

"అప్పసామి."

"ఇంకొకసారి."

"అప్పసామి. మా తాత పేరు అప్పసామి."

"ఆ. అదే జవాబు. అక్కకు తెలుసు ఆ జవాబు. రేపు నువ్వు ఆ గదిలోకి పోతున్నావు. మాట రాని ఆడది కనిపిస్తే, ఆమె ఎవరి కోసం నోరు మూసుకుందో ముందు చూడు, తర్వాత డ్రెస్సరుతో చెప్పు. ఈ కథ గుర్తు పెట్టుకో. పేరు పెట్టి పదిమందికి చెప్పు, నేను చెప్పలేకపోయినాను గదా. అయితే నా మాదిరి పేచ్చియమ్మాళ్ అని ఒక ఆమె అని మొదలుపెట్టకు."

"మరి ఏమని మొదలుపెట్టేది?"

"మా అవ్వ అని మొదలుపెట్టు. సంకటి చల్లార్చి పెట్టకపోతే తినని ఆ పెద్దబిడ్డ, లోపల పండుకొని ఉన్నాడు."