తారాబాయి ముందు పన్ను

1984, జహీరాబాద్. పళ్ళ డాక్టరు ఇంద్రసేన గది. కుర్చీలో చిరాగ్‌పల్లి తారాబాయి.

“ఏం వాసన ఇది, తారాబాయీ? జర ఆగు, ముక్కుకు బట్ట కట్టుకుంట.”

“దినాం తోముతనే ఉన్న సార్.”

“తోమినట్లుందా ఇది? వేలుతోని అదిమితె చీము వస్తున్నది. చూడు, దూదికి ఎట్ల అంటిందో.”

“నాకు చూపకుండ్రి. పన్ను సంగతి చెప్పుండ్రి. బోరింగు హ్యాండిల్ తగిలి సగం ఇరిగితే మూడేండ్ల కింద మీరే కట్టిన్రు. ఇప్పుడు కదులుతున్నది. మీరు సరిగ అతికియ్యలే.”

“అతుకు గట్టిగనే ఉన్నది. ఇరిగిన కాడ ఏం కాలే. పన్ను మొత్తం కదులుతున్నది, వేరుతోని సహా. చిగుర్లు కిందికి జారినయ్, పన్నును పట్టే దవడ బొక్క కరిగింది. గుంజ మంచిదే, బురదల పాతినట్టున్నది.”

“మల్ల అతికియ్యుండ్రి.”

“దేనికి అతికియ్యాలె? పట్టుకునేది ఉంటె గద.”

“గట్లనకుండ్రి సార్. ముందు పన్ను. నాకింక ముప్పై ఏండ్లు గూడ నిండలే. తొర్రి నోటితోని నలుగుట్ల ఎట్ల తిరగాలె?”

“దేనితోని తోముతవు?”

“అందరు తోమేదానితోనే.”

“పండ్ల సందుల ఈ నల్లది ఏంది మరి?”

“...మిశ్రీ.”

“పొగాకు మాడ్చి నూరిన పొడి. థూ. అప్పుడే వద్దని చెప్పిన్నా లేదా?”

“చెప్పిన్రు. మానేసిన గూడ. పది దినాలకు చిగుర్లు సలుపువెట్టినయ్. మా అత్త బస్వమ్మ అన్నది, పన్ను కట్టిచ్చుకున్నంక మిశ్రీ ఆపుతరా, ఇంకింత పెట్టాలె, అప్పుడే పన్ను పట్టుకుంటదని. అప్పటిసంది మూడు పూటల పెడుతున్న. ఆ పన్నుకైతె ఒత్తి పెట్టి, రాత్రంత అట్లనే ఉంచుత.”

“రాత్రంత నోట్ల ఉంచుకుంటవా? వింటుంటెనే నాకు అసయ్యమైతున్నది.”

“గట్ల ఉంచితె సలుపు తెలువదు సార్.”

“తెలువదు. మొద్దువారుతది, నీకు తెలువకుండ లోపల కుళ్ళుతది. ఇగ పీకాలె. ఉంచితె పక్క పండ్లు గూడ పోతయ్.”

“ఇంకేం దారి లేదా?”

“లేదు.”

“...పీకుండ్రి అయితే. నాదెట్లనో గట్ల పోయింది. నా బిడ్డ పండ్లకైతె ఫికర్ లేదు.”

“ఎందుకు లేదు?”

“మొదటి పాలపన్ను ఊడంగనే మొదలువెట్టిన. ఆరేండ్లది సార్. మొదట్ల రెండు దినాలు తల తిరుగుతుందని ఏడ్చింది, కక్కింది. ఇప్పుడు పొద్దుగాల లేవంగనే, అమ్మా మిశ్రీ పెట్టు అని అదే అడుగుతది.”