రిటెన్షన్ అర్జీ

రిటైరై పదకొండేళ్ళయినా, ఇంకో ఏడాది ఉండనివ్వమని ఏటా రిటెన్షన్ అర్జీ పెట్టుకుంటూ ప్లాంటు క్వార్టర్లోనే ఉంటున్న సెక్రటరీగారు ఖుర్సీపార్ తెలుగు లైబ్రరీ కంప్యూటర్‌కి అడ్డంగా కూర్చున్నారు. దాన్ని చూసుకునే అమ్మాయి వదల్లేదు.

"తాతగారూ, ఈ సాఫ్ట్‌వేర్ ఇంక తీసేద్దాం."

"ఏటమ్మా, ఫ్రీగా వచ్చింది. బాగానే పనిచేస్తంది కదేటి?"

"రాసినాయన తొమ్మిదేళ్ళ కిందటే చేతులెత్తేసేడు. కన్నాలు పూడ్చేవాళ్ళే లేరు. మొన్న మన మెంబర్ల ఫోన్ నంబర్లన్నీ ఎవడో పట్టుకుపోయేడు."

"అడిగితే మళ్ళీ చెప్తారులే."

"అరే బాప్‌రే! అది ఎప్పుడో రిటైరైపోయింది తాతగారూ. మనమే పంపించట్లేదు."

ఇది తనకు బాగా తెలిసిన విషయమే అని సెక్రటరీగారికి ప్రాణం లేచొచ్చింది. సొరుగులోంచి నలిగిన కాగితం తీశారు.

"మరైతే గాభరా దేనికి? ఇంకో ఏడాది రిటెన్షన్ అడుగుదాం. అర్జీ నాదే ఉంది. పేరొక్కటీ మార్చీ."