నా వేలికి ఏనుగొస్తుందంది

ఏం బాబూ, మళ్ళీ రాలేదా? తుడిచి పెట్టమంటావా, పెడతాలే, నాదేం పోయింది. రేషన్ బియ్యానికి నీ మిషన్ నా బొటనవేలు గుర్తుపట్టకపోతే నీ తప్పేం కాదు. నలభయ్యేళ్ళు ఇటుకలు మోసిన చెయ్యి, గీతలెక్కడుంటాయి? వేలిముద్రంటే నాకు మార్త టీచరమ్మే గుర్తొస్తుంది. నువ్వెరగవులే. డెబ్భై నాలుగు, కాదు కాదు, డెబ్భై ఐదు, మా అమ్మాయి తెరేసా ఆవిడ దగ్గరే రెండో తరగతి, ఇదే పటమటలో ఫాదర్ గారి బడి. అప్పుడు పటమటంటే సగం పొలాలే, సరే అది వదిలెయ్. ఓ రోజు పనినుంచొచ్చేసరికి మా పిల్ల వేళ్ళన్నీ నీలం. ఏంటే ఇది అంటే, "స్టాంపు ప్యాడ్ మీద వేలొత్తి కాగితం మీద వేశాం నాన్నా! కాళ్ళు గీస్తే కోడిపిల్ల, తోక గీస్తే ఎలుక. ఒకళ్ళది చూసి ఇంకొకళ్ళు వెయ్యకూడదంట, ఎవరి జంతువు వాళ్ళే ఆలోచించుకోవాలంట" అని కాగితం నా మొహం ముందు పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటావా? ఆ ముందు వారమే ఇంటిస్థలం కాగితాలకని ఆఫీసుకెళితే, గుమాస్తా తలన్నా ఎత్తకుండా "నిశానీయేగా, అలా పక్కన నుంచో" అన్నాడు. సంతకం వచ్చినోళ్ళకి బెంచీ, మాకు గోడ. నా కూతురన్నా ఆ గోడ పక్కన నుంచోకూడదనేగా గంజి తాగి బడికి పంపింది! అలాంటిది బడిలోనే వేలిముద్రలు నేర్పిస్తారా? కాగితం చింపేశాను. పిల్ల ఏడ్చింది. ఏడవనీ అనుకున్నా.

మర్నాడు ఎనిమిది మందిని పోగేసుకుని బడి మీదకెళ్ళాను. ఫాదర్ గారి ముందే అరిచాను. మార్త టీచరమ్మ మాత్రం గొంతు పెంచలేదు. "శౌరయ్య గారూ" అంది. నన్ను గారూ అన్న మొదటి మనిషి ఆవిడే, చూడు. "చదువు రానివాళ్ళు వేసే ముద్ర కాదండీ ఇది. ఏ ఇద్దరి వేలూ ఒకటి కాదని పిల్లలకి తెలియాలని. మీరూ ఒకటి వెయ్యండి, ఇంత వెడల్పు వేలికి మంచి ఏనుగొస్తుంది" అని ప్యాడ్ నా ముందుకి జరిపింది. పదిమందిలో నాచేత మళ్ళీ నిశానీ వేయిస్తుందా అని విసిరికొట్టాను. ఆవిడ తెల్లచీర మీద సిరా పడింది. వంగి ప్యాడ్ తీసుకుంది, అంతే. ఆ నెలాఖరుకే ఆవిణ్ణి మైలవరం బడికి పంపేశారు. అక్కడే పోయిందన్నారు, చాన్నాళ్ళైంది. తప్పు నాదే, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గేంటి.

తర్వాత మా తెరేసాయే నాకు సంతకం నేర్పింది. వంకరగా వస్తుంది గానీ వస్తుంది. అది నీ మిషన్‌కి అక్కర్లేదుగా! ఇప్పుడు డిగ్రీలు చదివినోళ్ళూ వేలే పెడుతున్నారు, తమాషా. ఇన్నేళ్ళలో నా వేలు చూసి ఏదో వస్తుందన్నది ఆవిడొక్కతే బాబూ. అప్పటికి గీతలన్నీ ఉన్నాయి. ఆ రోజు వేసుంటే ఎక్కడో ఓ కాగితం మీదన్నా...

ఏం? పక్క వేలా? ఇదుగో, పెట్టుకో.