మార్చికి డబ్బు లేదని చెప్పిన మనిషి

ఉన్నది ఉన్నట్టు చెబితే, అది విని భయపడి ఒక మంచి మనిషి నష్టపోతే, ఆ నష్టంలో చెప్పినవాళ్ల పాలెంత? మూడేళ్లుగా మోస్తున్న ఈ ప్రశ్నను వెంటబెట్టుకునే వేదిక ఎక్కాను. అధ్యక్షులు పార్థసారథి గారికి, షిఫ్టు మార్చుకుని మరీ జీడిమెట్ల ఫ్యాక్టరీ నుంచి కోకాపేట దాకా వచ్చిన మిత్రులకు, మమ్మల్ని నమ్మి డబ్బు పెట్టిన పెద్దలకు, ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మన ఫైనాన్స్ పెద్ద భీమేశ్వరరావు గారికి నమస్కారం.

రొప్పుతున్నాను, మన్నించండి. బ్యాంకుల నుంచి బాకీ లేదన్న ఉత్తరం ఇప్పుడే వచ్చింది! లిఫ్టు కోసం ఆగలేక ఏడంతస్తులు మెట్లెక్కి వచ్చాను. (చప్పట్లు)

మన మందుల కంపెనీ అప్పుల్లో మునిగి ఉన్న రోజుల్లో, మూడు నెలలకోసారి ఇన్వెస్టర్లతో ఫోన్ సమావేశం ఉండేది కదా, దానికి ముందురోజు భీమేశ్వరరావు గారు రిహార్సల్ పెట్టేవారు. జవాబులు రాసి చదివే పని నాది. ఇన్వెస్టర్ వేషం మన ఫ్యాక్టరీలో బాయిలర్ నడిపే ఐలయ్య గారిది. మూడేళ్ల కిందట ఫిబ్రవరిలో ఆయన కాలు మీద కాలేసుకుని అడిగారు: "ఇగ సీదా చెప్పుండ్రి మేడం. మార్చిల అప్పు కట్టకపోతే కంపెనీ ఉంటదా, పోతదా?"

"నగదు నిర్వహణపై యాజమాన్యానికి పూర్తి విశ్వాసం ఉంది" అని చదివాను.

"గిదేంది మేడం? నేను నీళ్లడిగితే మీరు గ్లాసు తోముతున్నరు!" (నవ్వులు)

నవ్వకండి, ఆ వాక్యానికి రెండు రోజులు కష్టపడ్డాను. భీమేశ్వరరావు గారు దాన్ని కొట్టేసి రాశారు: మార్చి కిస్తీకి ఇవాళ మా దగ్గర డబ్బు లేదు, అమ్మకానికి పెట్టిన మా స్థలం అమ్ముడైతే కడతాం, కాకపోతే కట్టలేం.

"సార్, షేరు పడిపోతుంది."

"పడనీయమ్మా. వాళ్ల డబ్బు సంగతి మనకు తెలిసింది వాళ్లకూ తెలియొద్దూ?"

మర్నాడు అదే చదివాను. ఒక్కరోజులో షేరు ఐదో వంతు పడింది. మూడు వారాలకు స్థలం అమ్ముడైంది, కిస్తీ కట్టాం, షేరు లేచింది. ఆ మధ్యలో... మూడో వరుసలో ఉన్న పుల్లయ్య మాస్టారూ, మీ సంగతి చెప్పొచ్చా? తల ఊపారు. భార్య చెన్నమ్మ గారి మోకాళ్ల ఆపరేషన్‌కు దాచిందంతా మన షేర్లలో పెట్టిన మాస్టారు, అప్పులకు ముందు కొన్న ధరలో సగానికే ఆ రోజు అమ్మేశారు. ఆయన నిజాంపేట నుంచి నాకు ఫోన్ చేస్తే తిడతారనుకున్నాను. "నువ్వు నిజం చెప్తివి గదమ్మా, అందుకే అమ్మేస్తిని" అన్నారు. తిట్టినా బాగుండేది. ఆపరేషన్ ఏడాదిన్నర వెనక్కి పోయింది. చెన్నమ్మ గారూ, లేవకండి, కూర్చోండి.

భీమేశ్వరరావు గారూ, ఆ ఫోన్ సమావేశం తర్వాతే బ్యాంకులు మన మాట నమ్మి మిగతా అప్పుకు గడువిచ్చాయి. ఈ ఉత్తరం మీది. వచ్చే నెల రిహార్సల్‌లో మీ కుర్చీ నాది. ఐలయ్య గారూ, నన్ను వదలకండి! (నవ్వులు) నా మెత్తని వాక్యాలు నేనే కొట్టేస్తాను.

ఇందాక కాఫీ దగ్గర మాస్టారు అడిగారు: "ఇప్పుడు కొనొచ్చునామ్మా?" నేను సలహా ఇవ్వకూడదన్నది నిబంధన, నవ్వి తప్పించుకున్నాను. ఆ రోజు మెత్తగా చదివి ఉంటే మీరు ఆగేవారు, లేచిన ధర మీకు దక్కేది, మాస్టారూ. కానీ స్థలం అమ్ముడుకాకపోయి ఉంటే ఆ సగమూ పోయేది. ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మీకు మేలు చేశానో కీడు చేశానో మాత్రం, మాస్టారూ, నేనింకా తేల్చుకోలేదు. సెలవు.